టెలిఫోన్ వాళ్ళ పిల్లలం

మిత్రులారా, మన బడిలో మమ్మల్నిద్దర్నీ కలిపి టెలిఫోన్ వాళ్ళ పిల్లలు అనేవారు. మా నాన్న అమలాపురంలో కేబుల్ జాయింట్లు వేసేవారు. నా బెంచీ మిత్రుడి నాన్న, నేను బాబాయి అని పిలిచేవాణ్ణి కాదు పిలుపు అదే, అదే జట్టులో క్యాజువల్ మజ్దూర్, అంటే రోజుకూలీ. కోనసీమలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళే కదా. బాబాయి గోతిలో నీళ్ళు తోడుతుంటే నాన్న సీసపు తొడుగు విప్పి, కాగితం చుట్టిన రాగి తీగల్ని జతలు జతలుగా విడదీసి, చెమ్మ ఆర్చి, మెలిపెట్టి, ఒక్కోదానికీ కాగితపు గొట్టం తొడిగేవారు. కాస్త తడి మిగిలినా పేటలో ఫోన్లు మూగబోయేవి. దిగేది ఒకే గోతిలోకి. నాన్నకి నెల జీతం, సెలవులు, పింఛను. బాబాయికి పనిచేసిన రోజుకే కూలి.

నాన్నకి యూనియనంటే ప్రాణం. 1954లో ఏర్పడిన తంతి తపాలా ఉద్యోగుల జాతీయ ఫెడరేషన్‌లో లైన్‌మెన్లూ పోస్ట్‌మెన్లూ కలిసే ఉండేవారు. అవసరాలకు తగ్గ కనీస వేతనం కోసం కేంద్ర ఉద్యోగులు 1968 సెప్టెంబరు 19న చేసింది ఒక్కరోజు సమ్మే. దానికే ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వేలమందిని అరెస్టు చేసింది, చాలామందికి ఉద్యోగాలు పోయాయి. ఆ రోజుల గురించి నాన్న చెబుతుంటే అమ్మ మాట మార్చేసేది.

నా మట్టుకు జీతాల పెంపు కంటే రోజుకూలీల కోసం జరిగిన పోరాటమే గొప్పది. తంతి తపాలా క్యాజువల్ కూలీలకు రెగ్యులర్ స్కేలులో కనీస వేతనం లెక్కన ఇవ్వాలని, ఏడాదికి మించి పనిచేస్తున్నవాళ్ళను పర్మినెంటు చేసే పథకం తయారు చేయాలని 1987 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 1989 అక్టోబరు 1 నుంచి టెంపరరీ స్టేటస్, అంటే పర్మినెంటుకు ముందు మెట్టు, వచ్చింది. బాబాయి ఆ కాగితం పట్టుకుని ముందు మా ఇంటికే వచ్చారు. నా మిత్రుడి చదువు ఆగలేదంటే దానివల్లే.

1996 నవంబరు 6 తుపానుకి కొబ్బరిచెట్లతో పాటు స్తంభాలూ పడిపోయాయి. వాళ్ళిద్దరూ మళ్ళీ అదే బురదలో దిగారు, ఈసారి ఇద్దరూ టెలికం శాఖ ఉద్యోగులే.

2000 అక్టోబరు 1న శాఖ కాస్తా బీఎస్ఎన్ఎల్ అనే ప్రభుత్వ కంపెనీ అయింది. కంపెనీ అయితే పింఛను ఏమవుతుందోనని ఇంట్లో ఒకటే టెన్షన్. అంతకు ముందు నెలలోనే యూనియన్లు సమ్మెకు దిగాయి, ప్రభుత్వ పింఛను నిలబడింది. 2020 జనవరి 31న స్వచ్ఛంద విరమణతో దేశంలో 78 వేలమందికి పైగా బీఎస్ఎన్ఎల్ ఉద్యోగులు ఒక్కరోజే వెళ్ళిపోయారు. ఇవాళ జాయింటు వేసే చేతులు ఎక్కువగా కాంట్రాక్టు కుర్రాళ్ళవి. బాబాయి పాత రోజుకూలీ వాళ్ళకి మళ్ళీ వచ్చిపడింది.

మీలో ఎవరి ఇంట్లోనైనా ఆనాటి యూనియన్ చందా రశీదులు, మహాసభల ఫొటోలు ఉంటే ఈసారి కలిసినప్పుడు తీసుకురండి. పేర్లు తెలిసిన పెద్దవాళ్ళు ఉండగానే వెనకాల రాయించుకుందాం.