కొక్కెర తెగులు, కోడి కణంలోని కత్తి

కళ్యాణదుర్గం దగ్గరి మా ఊళ్లో అవ్వ పెంచుకున్న నాటుకోళ్లన్నీ ఒక వేసవిలో నాలుగైదు రోజుల్లోనే చనిపోయాయి. మెడ మెలితిరిగి, గింజను పొడవబోయి పక్కనున్న మట్టిని పొడుస్తున్న చివరి పెట్ట నాకింకా కళ్ల ముందే ఉంది. "దీనికి తలకెక్కింది నాయనా" అంది అవ్వ.

ఆమె మాట ఎంత నిజమో ఈ వారం చదువుతుంటే అర్థమైంది. కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్ వ్యాధి వైరస్ కణంలోకి చొరబడాలంటే దాని పైనున్న ఎఫ్ ప్రోటీన్ ముందుగా రెండుగా తెగాలి. దాన్ని కోసే కత్తి, అంటే ప్రోటీన్లను తెంచే ఎంజైము, వైరస్ దగ్గర లేదు, కోడి శరీరంలోనే ఉంది. లసోటా వంటి బలహీన రకాల ఎఫ్ ప్రోటీన్‌ను శ్వాసనాళంలో, పేగుల్లో ఉండే ట్రిప్సిన్ తరహా ఎంజైములే కోయగలవు కాబట్టి ఆ వైరస్ చాలావరకు అక్కడికే పరిమితమవుతుంది. దాన్ని టీకాగా వాడగలగడానికి ఇదొక ముఖ్య కారణం. ప్రాణాంతక రకాల్లో మాత్రం తెగే చోట ఆర్జినిన్, లైసిన్ వంటి క్షార అమైనో ఆమ్లాలు (ప్రోటీన్ గొలుసులో పూసల్లాంటివి) గుంపుగా ఉండి, ఆ గొలుసులో 117వ స్థానంలో ల్యూసిన్‌కు బదులు ఫినైల్ అలనిన్ ఉంటుంది. అటువంటి చోటును ఫ్యూరిన్ అనే ఎంజైము కోస్తుంది. అది దాదాపు అన్ని కణజాలాల్లోనూ ఉంటుంది, మెదడులో కూడా. పెట్ట మెడ తిరిగింది అందుకే.

తన సొంత ప్రోటీన్లను సిద్ధం చేసుకోవడానికి కోడికి ఫ్యూరిన్ తప్పనిసరి, దాన్ని తీసేయలేం. అందుకే నిన్న సాయంత్రం, మంచుగడ్డల మధ్య తెచ్చిన లసోటా టీకాను, అవ్వ ఒక్కో కోడిపిల్లను అరచేతిలో పట్టుకుంటే, నేను దాని కంట్లో ఒక్కో చుక్క వేశాను.