ఫైలు ఉంది, చదివే దిక్కు లేదు

ఈ దేశానికి వచ్చిన ఆరో ఏట శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకున్నాను. మొదటి ఉద్యోగంలో రెండేళ్లు పనిచేసినట్టు పాత కంపెనీ నుంచి లెటర్ కావాలి. అడిగితే "మీ పేరు మా సిస్టంలో లేదు" అన్నారు. జీతాల సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు, అప్పటికే మానేసినవాళ్ల వివరాలు కొత్తదాంట్లోకి ఎక్కించలేదట. పాతవి బ్యాకప్ టేపుల్లో ఉన్నాయి. ఆ టేపులు చదివే డ్రైవు మాత్రం వాళ్ల దగ్గర లేదు. నేను దాచుకున్న పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు లేకపోతే ఏమయ్యేదో! రెండు నెలలు ఒకటే టెన్షన్.

తర్వాత వేరే సంస్థలో రికార్డుల విభాగంలో చేరాను. అక్కడికి వెళ్లాకే తెలిసింది, నాకు జరిగింది ఎంత మామూలు విషయమో. బ్యాకప్ ఉంటే చాలు, అంతా భద్రమే అనుకుంటారు. నిన్న సర్వర్ పాడైతే ఇవాళ నిలబెట్టుకోవడానికి బ్యాకప్. ఇరవై ఏళ్ల తర్వాత ఒక మనిషి వచ్చి అడిగితే చూపించడానికి కావలసింది వేరు. కంపెనీలు బ్యాకప్‌కు వాడే ఎల్‌టీఓ రకం టేపులనే తీసుకోండి. 7వ తరం డ్రైవుల వరకూ రెండు తరాల వెనకటి టేపులు చదివేవి. 8, 9 తరాలవి ఒక్క తరం వెనక్కే వెళ్తాయి. టేపు బీరువాలో చెక్కుచెదరకుండా ఉంటుంది, దాన్ని చదివే యంత్రమే ఉండదు.

ఫైలు తెరుచుకున్నా నమ్మకం లేదు. ఒకసారి పాత కాంట్రాక్టుల ఎక్సెల్ పట్టికలోంచి తేదీలు కొత్త పట్టికలోకి కాపీ చేస్తే, అన్నీ సరిగ్గా నాలుగేళ్ల ఒక రోజు పక్కకు జరిగాయి. కారణం వెతకడానికి ఒక పూట పట్టింది. పాత మ్యాక్ పట్టికలు రోజుల్ని 1904 నుంచి లెక్కపెడతాయి, విండోస్‌వి 1900 నుంచి. తేడా 1462 రోజులు. అసలు ఫైల్లో ఒక్క బైటు కూడా మారలేదు, చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో పట్టిచ్చే సంఖ్య) సరిపోయింది. ఆ అంకెల్ని ఎక్కడినుంచి లెక్కపెట్టాలన్న సంగతి కాపీలో జారిపోయింది, అంతే. ఫైలుతోపాటు దాని చుట్టూ ఉన్న వివరాన్నీ దాచాలని నాకు ఒంటబట్టింది ఆ రోజే.

ఇది మన తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. యూనికోడ్ కాని ఫాంటులో టైపు చేసిన పాత తెలుగు ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే కనబడే ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి మనకు తెలుసు. ఎక్కువకాలం దాచే పీడీఎఫ్‌ల కోసం 2005లో వచ్చిన పీడీఎఫ్/ఏ ప్రమాణం ఫాంటులు ఫైలు లోపలే ఉండాలని పట్టుబట్టేది ఇందుకే.

రికార్డుల నిర్వహణకు ఐఎస్ఓ 15489 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అది మొదట 2001లో వచ్చింది, 2016లో సవరించారు. రికార్డు అసలుదై ఉండాలి, నమ్మదగినదై ఉండాలి, అనుమతి లేకుండా ఎవరూ మార్చనిదై ఉండాలి, వెతికితే దొరికి పనికి రావాలి అంటుంది. ఆఫీసులో చాలా నిర్ణయాలు ఒకరి మెయిల్‌బాక్సులో ఉండిపోతాయి. ఆయన మానేస్తే అకౌంటు మూసేస్తారు, నిర్ణయం ఎందుకు తీసుకున్నారో కూడా దాంతోపాటే పోతుంది. ఏళ్లుగా కలిసి పనిచేసినవాళ్లు నడవాలో నిలబడి ఒకర్నొకరు అడిగి తెలుసుకోగలరు. నాలాగా బయటినుంచి వచ్చినవాడికి ఎవర్ని అడగాలో కూడా తెలియదు. వాడికి రికార్డు తప్ప వేరే సాక్షి లేదు.

అలాగని అన్నీ దాచమనడం లేదు. గడువు తీరిన వ్యక్తిగత వివరాలు చెరిపెయ్యాలి. ఏది, ఎప్పుడు, ఎవరి అనుమతితో చెరిపామో మాత్రం రాసి ఉంచాలి.

ఇప్పుడు మా సంస్థ కూడా సిబ్బంది సాఫ్ట్‌వేర్ మారుస్తోంది. మానేసినవాళ్లను వదిలేస్తే పని త్వరగా తెములుతుందని మీటింగులో ఎవరో అన్నారు. నేను ఒప్పుకోలేదు. నా కథ మొత్తం చెప్పాను. మేనేజరు గడువు ఇంకో నెల పెంచారు. మూడు వందల పేర్లకు చేరిన తేదీ, మానేసిన తేదీ ఇంకా సరిపోవడం లేదు. సోమవారం నుంచి పాత జీతాల జాబితాలు పక్కన పెట్టుకుని ఒక్కో పేరూ చూడాలి.