పంటు మీద ప్రాచెట్

నిన్న నరసాపురం రేవులో పంటు ఎక్కుతూ, మావయ్యతో ఆంగ్ల హాస్య రచయిత టెర్రీ ప్రాచెట్ గురించి వాదన పెట్టుకున్నాను. సఖినేటిపల్లి ఒడ్డు చేరినా అది తెగలేదు.

1983 నుంచి 2015 వరకు, డిస్క్‌వరల్డ్ అనే కల్పిత లోకంలో సాగే ఆయన నవలలు 41. "అన్ని రాస్తే చెప్పిందే చెప్పక తప్పుతుందా? మొదటిది సగంలోనే వదిలేశాను" అన్నారు మావయ్య. తాబేలు వీపున నాలుగు ఏనుగులు, వాటి మీద లోకం అన్న ఊహ మాత్రం ఆయనకు నచ్చింది. మన ఆదికూర్మం, దిగ్గజాలు గుర్తొచ్చాయట.

మొదటి పుస్తకంతో మొదలుపెట్టడమే చాలామందిని దూరం చేస్తుందని నా నమ్మకం. అది ఎక్కువగా మాంత్రిక కథలకు పేరడీ. నగర కాపలా భటుల కథలకు వచ్చేసరికి హాస్యం అడుగున కోపం కనిపిస్తుంది. పేదవాడు చవక బూట్లు మళ్లీ మళ్లీ కొంటూ చివరికి ధనవంతుడికంటే ఎక్కువే ఖర్చుపెడతాడని ఒక భటుడు లెక్క వేస్తాడు. కౌలు రైతుల ఇళ్ల మధ్య పెరిగిన నాకు ఆ లెక్క ఎవరూ వివరించనక్కరలేదు.

చెల్లెలికి చివరి నవలలు నచ్చవు. 2007లో ప్రాచెట్‌కు మతిమరుపు జబ్బు అల్జీమర్స్ బయటపడ్డాక రాసిన వాటిలో పదును తగ్గిందంటుంది. కాదనలేను. అయినా అవి చదువుతుంటే నా గొంతు పూడుకుపోతుంది.

మావయ్య బస్సెక్కేటప్పుడు ఆ బూట్ల లెక్క ఉన్న 'మెన్ ఎట్ ఆర్మ్స్' ఆయన సంచిలో పెట్టాను.