అవ్వ అంగడి పుల్ల చాక్లెట్

మన బడి పూర్వ విద్యార్థుల కలయిక సంచికకి వ్యాసం ఇమ్మని కమిటీ వాళ్ళు అడిగేసరికి హెడ్మాస్టరు గారూ, వాలీబాల్ కప్పూ, వేపచెట్టూ అన్నీ ఎవరో ఒకరు రాస్తామని చెప్పేసుకున్నారు. నాకు మిగిలింది బడి గేటు ఎదురుగా ఉండే అవ్వ అంగడి. ఉద్యోగమంతా మిఠాయిల ఫ్యాక్టరీల్లోనే చేసినవాణ్ణి కాబట్టి అందులో దొరికే పుల్ల చాక్లెట్, అదే లాలీపాప్, గురించి రాసే హక్కు నాకే ఎక్కువ.

చేతిలో పైసా లేని రోజున లాలీపాప్ మనమే చేసుకునేవాళ్ళం. చింతపండు, కల్లుప్పు, ఎండుమిరపకాయ, జీలకర్ర, ఇంత బెల్లం. రోట్లో దంచి, ముద్ద చేసి, చీపురుపుల్లకి గుచ్చడమే. గింజలు సరిగ్గా తీయని వాళ్ళకి రెండు రోజులు పంటినొప్పి. మధ్యాహ్నం గంట కొట్టేదాకా నాలుక చివర ఆడిస్తూ కూర్చోవచ్చు, పైగా పుల్ల మీద ఒక్క పైసా ఖర్చు లేదు.

డబ్బులున్న రోజున మాత్రం "అవ్వా, ఎర్రది ఇయ్యి" అని అంగడి ముందు గుంపు. రేకు మూత ఉన్న గాజు సీసా, లోపల బిళ్ళల్లాంటి చాక్లెట్లు, వాటికి వెదురు పుల్లలు. కార్తీకంలో ముసురు పట్టిందంటే కాగితం బిళ్ళకి అతుక్కుపోయి ఊడేది కాదు. కాగితంతో సహా నోట్లో పెట్టుకుని, మెత్తబడ్డాక ముక్కలు ముక్కలుగా ఉమ్మేవాళ్ళం. పాకం చల్లారాక కూడా గాలిలో చెమ్మని లాగుతూనే ఉంటుందని ఫ్యాక్టరీలో చేరాక గానీ నాకు తెలియలేదు. ఇప్పుడు వచ్చే ప్లాస్టిక్ కవరుని పుల్ల చుట్టూ వేడితో అతికించేస్తారు కాబట్టి ఆ బాధ లేదు.

లెక్కల సారు గుర్తున్నారు కదా. క్లాసులో ఎవరి దవడ ఉబ్బినా అడిగేవారు కాదు. "నాలుక చాపండ్రా" అనేవారు, అంతే. ఎర్ర నాలుకలన్నీ బెంచీ ఎక్కేవి. పచ్చవి తిన్నవాళ్ళు ఇంకా సులువుగా దొరికిపోయేవారు. ఆ ఎరుపు ఏ పొడి నుంచి వచ్చిందో అప్పట్లో అవ్వకీ తెలియదు, మనకీ అక్కర్లేదు. మన దేశంలో ఆహారంలో వాడదగ్గ కృత్రిమ రంగులు 8 మాత్రమే. ఇలాంటి చాక్లెట్లలో ఆ రంగు కిలోకి 100 మిల్లీగ్రాములు మించకూడదు. "ఆ రోజుల్లో అన్నీ అసలు సరుకే" అని మన వాట్సాప్ గ్రూపులో ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ నాలుకలే కళ్ళ ముందు కనిపిస్తాయి.

పాకం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. వేరుశనగ ఉండలకి అవ్వ బెల్లం పాకం ఎలా చూసేదో గుర్తు తెచ్చుకోండి. ఒక చుక్క నీళ్ళలో వేసి, గట్టిపడ్డాక తీసి పళ్ళెంలో పడేస్తే టంగుమనాలి. ఫ్యాక్టరీలో అదే పని థర్మామీటరు చేస్తుంది. చక్కెర, లిక్విడ్ గ్లూకోజ్ కలిపి దాదాపు 150 డిగ్రీల దాకా మరిగిస్తే నీరంతా పోయి ఒకటి రెండు శాతం మిగులుతుంది. గ్లూకోజ్ వేయకపోతే చక్కెర మళ్ళీ పలుకులు కట్టి, గాజులా ఉండాల్సిన బిళ్ళ గరుకుగా తయారవుతుంది. పిండి వంటల్లో మన అమ్మలు పాకంలో నిమ్మరసం పిండేది కూడా ఇందుకే.

మార్పంతా పుల్లదే. స్పెయిన్‌లో ఎన్రిక్ బెర్నాట్ 1958లో చుపా చుప్స్ అనే లాలీపాప్ మొదలుపెట్టింది పిల్లల చేతులు జిడ్డు కాకూడదనే. ఆ కంపెనీ కూడా మొదట చెక్క పుల్లలే వాడి తర్వాత ప్లాస్టిక్‌కి మారింది. 1969లో దాని పువ్వు గుర్తు గీసింది పేరుమోసిన చిత్రకారుడు సాల్వడార్ డాలీ అంతటివాడు. మన దగ్గర తొంభైల తర్వాత ప్లాస్టిక్ పుల్ల ఎలా వ్యాపించిందో మనందరం చూశాం. పెదవికి గుచ్చుకోదు, విరగదు, మురిక్కాలవలో పడితే కుళ్ళదు కూడా. 2022 జులై 1 నుంచి మిఠాయిలకి ప్లాస్టిక్ పుల్ల వాడకూడదని కేంద్రం ఆపేసింది. ఇప్పుడు గట్టిగా చుట్టిన కాగితం పుల్ల. మెల్లగా చప్పరించే వాళ్ళ నోట్లో చివరికి నానిపోతుందని మా మనవరాలి ఫిర్యాదు. గబగబా తిను అని చెప్పాను.

2006లో చుపా చుప్స్‌ని పెర్ఫెట్టి వాన్ మెల్లె అనే మిఠాయిల కంపెనీ కొనుక్కుంది. అదే ఏడాది, 1952 నుంచి మన చిత్తూరుని దేశమంతా తెలిసేలా చేసిన న్యూట్రిన్ చాక్లెట్ల కంపెనీ గోద్రెజ్ చేతికి వెళ్ళింది. మొదటి వార్త నాకేమీ అనిపించలేదు. రెండోది విన్న రోజు మాత్రం న్యూట్రిన్ వాళ్ళ మహాలాక్టో చాక్లెట్ ఒకటి కొనుక్కుని తిన్నాను.

ఇక ధర సంగతి. 2011 జూన్ 30తో పావలా చెల్లకుండా పోయింది. చిల్లర పోయాక కంపెనీలకి రెండే దార్లు: రేటుని ఒకేసారి పై నాణేనికి పెంచడం, లేదా అదే రేటుకి బిళ్ళని సన్నగా చేయడం. రెండూ చేశారు, ఎలా చేశారో దగ్గరుండి చూశాను.

కలయిక రోజున టేబుల్ మీద ఒక సీసా నిండా పుల్ల చాక్లెట్లు పెట్టించే బాధ్యత నాది. మన బ్యాచ్‌లో షుగర్ వాళ్ళు ఎంతమందో నాకు తెలుసు, టెన్షన్ పడొద్దు. వాళ్ళకి చక్కెర బదులు వాడే ఐసోమాల్ట్‌తో చేసినవి వేరే సీసాలో తెస్తున్నాను. కాకపోతే అవి ఎక్కువ తింటే కడుపు కదులుతుందని ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది. భోజనాల తర్వాత బస్సు ప్రయాణం ఉంది కాబట్టి తలా ఒకటే.