మావాడి చీర కుచ్చిళ్లు, గంగమ్మ జాతర

మా బ్యాచ్‌లో ఒకడు ఈసారి చీర కట్టుకుంటానని మొక్కుకున్నాడు. తిరుపతిలో పుట్టినోళ్లకి ఇదేం వింత కాదు, తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగవాళ్లు ఆడవేషం కట్టడం మామూలే.

పొద్దున్నే వాళ్లింట్లో చేరాం. వాళ్లక్క కుచ్చిళ్లు పెడుతుంటే వీడు ఒకటే మెలికలు, "కదలకురా, మళ్లీ ఊడిపోతాయి" అని నెత్తిన ఒక్కటిచ్చింది. పూలజడ, గాజులు, చేతిలో వేపమండ అన్నీ బాగానే కుదిరాయి గానీ మీసం మాత్రం తీయనన్నాడు.

జాతర వారం పొడుగునా రోజుకో వేషం ఉంటుంది, బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి ఇలా. ఆడపిల్లల్ని చెరబడుతున్న పాలెగాణ్ణి వెతుక్కుంటూ అమ్మవారు ఇన్ని వేషాలు వేసిందని, వాడు దొర వేషం దగ్గర బయటపడి దొరికిపోయాడని మా అవ్వ చెప్పేది. మేం వెళ్లింది చివరి మంగళవారం. గంగమ్మ వెంకన్నకి చెల్లెలు కదా, కొండ మీంచి సారె కూడా వస్తుంది.

గుడి దగ్గర క్యూ చూస్తే కళ్లు తిరిగాయి. మే నెల ఎండ, కింద రోడ్డు కాలుతోంది, చెప్పులు ఎక్కడో వదిలేశాం. ఎవరో పుణ్యాత్ములు గ్లాసుల్లో అంబలి పోసిచ్చారు, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్కలేసి. నేను మూడు తాగా. డప్పుల మోతకి మావాడు చీర సంగతి మరిచిపోయి ఎగిరాడు, కుచ్చిళ్లు మొత్తం చేతిలోకొచ్చాయి. పక్కనున్న పెద్దామె నవ్వుతూ "ఇట్రా నాయనా" అని పిన్నీసు పెట్టి సర్దింది.