ఎలర్జీయేనా? పిల్లి కళ్ళ డైరీ

పొద్దున్నే పిల్లికి రెండు కళ్ళూ కారుతున్నాయి. నీరు తేటగా ఉంది, పుసులు లేవు, రెప్పలు బాగానే తెరుస్తోంది. పుప్పొడి రోజులు కదా, ఎలర్జీ అనేసుకోవడం తేలిక. కానీ పిల్లుల్లో ఎలర్జీ ఎక్కువగా బయటపడేది చర్మం మీద: తల, మెడ గోక్కోవడం, పొట్ట మీద బొచ్చు ఊడేదాకా నాక్కోవడం. ఆ దురదేమీ లేకుండా కళ్ళు కారుతూ తుమ్ములు కూడా ఉంటే ముందు అనుమానించాల్సింది పిల్లులకు సోకే హెర్పిస్ వైరస్‌నే. ఒకసారి సోకితే చాలా పిల్లుల్లో జీవితాంతం నరాల్లో దాక్కుంటుంది. ఇల్లు మారినా, కొత్త పిల్లి వచ్చినా మళ్ళీ లేస్తుంది.

తుడవడానికి 0.9 శాతం సెలైన్ చాలు. దూది వద్దు, పోగులు రెప్ప కింద చిక్కుకుంటాయి, గాజుగుడ్డ నయం. ఎండిన పుసిని గీకకుండా తడిగుడ్డ అర నిమిషం అద్ది పెడితే అదే నానుతుంది. ముక్కు వైపు మూల నుంచి బయటికి ఒక్క తుడుపు, రెండో కంటికి వేరే ముక్క. మూలలో ఎర్రగా, గోధుమ రంగులో మరక కనిపిస్తే రక్తమని హడలిపోనక్కర్లేదు, కన్నీళ్ళు ఎండినా ఆ రంగే వస్తుంది.

మధ్యాహ్నం లిట్టర్, అంటే పిల్లి మలమూత్రాల పెట్టెలో పోసే ఇసుకలాంటి పొడి, మార్చాలి. సంచీ ఎత్తి పట్టి గుమ్మరిస్తే లేచే దుమ్ము చాలు కళ్ళు మండడానికి. సువాసన లేని, దుమ్ము తక్కువ ఉండే రకం తెచ్చి, పాతదాంట్లో కొద్దికొద్దిగా కలపాలి; ఒక్కసారే మార్చేస్తే పెట్టెలోకే దిగదు. అదే వారంలో అగరుపొగా, రూమ్ స్ప్రేలూ అన్నీ మానేస్తే దేనివల్ల తగ్గిందో తేలదు.

సాయంత్రానికి అలమరాలో మిగిలిపోయిన కంటిచుక్కలు గుర్తొస్తాయి. ముట్టుకోకూడదు. కంట్లో పుండు ఉండి స్టెరాయిడ్ చుక్క పడితే పుండు లోతవుతుంది, కనుగుడ్డుకు చిల్లు కూడా పడొచ్చు. అందుకే డాక్టర్ ముందు ఫ్లోరెసిన్ రంగు వేసి నీలికాంతిలో చూస్తారు. పుండున్న చోట ఆకుపచ్చగా మెరుస్తుంది. మనుషుల జలుబు మాత్రలు మరీ ప్రమాదం, చాలావాటిలో ఉండే పారాసెటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది.

రాత్రి తిండి తింది, కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒక కన్ను ముడిచినా, గుడ్డు మసకబారినా, పుసి పసుపుగానో ఆకుపచ్చగానో మారినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. ఈలోగా రోజూ ఒకే వెలుతురులో ఒక ఫోటో తీసి పెట్టుకుంటే తేడా పట్టేయొచ్చు.