బోట్విన్నిక్‌ని ఓడించిన 18 ఏళ్లకు వచ్చిన టైటిల్: ఏబ్ యానోఫ్‌స్కీ

1946లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో యుద్ధం తర్వాత మొదటి పెద్ద చెస్ టోర్నమెంట్ జరిగింది. 20 మంది ఆటగాళ్లు, 19 రౌండ్లు. సోవియట్ ఆటగాడు బోట్విన్నిక్ 14.5 పాయింట్లతో గెలిచాడు, అర పాయింటు తేడాతో డచ్ ఆటగాడు ఏవే రెండో స్థానం. బోట్విన్నిక్ ఓడినవి మూడే ఆటలు. అందులో ఒకటి కెనడాలోని విన్నిపెగ్ నుంచి వచ్చిన 21 ఏళ్ల కుర్రాడి చేతిలో. అతనే డేనియల్ ఏబ్రహామ్ యానోఫ్‌స్కీ. అందరికీ ఏబ్.

ఇంకో రెండేళ్లలో ప్రపంచ చాంపియన్ కాబోయే మనిషిని ఓడించిన యానోఫ్‌స్కీకి గ్రాండ్‌మాస్టర్ టైటిల్ వచ్చింది 1964లో, 39 ఏళ్ల వయసులో. ఈ ఆలస్యాన్ని చాలామంది ప్రతిభకు ముడిపెడతారు. నా లెక్కలో అసలు కారణాలు రెండు: ఒకటి దూరం, రెండు ఉద్యోగం.

మొదట దూరం సంగతి. ఇప్పటిలా ప్రత్యర్థుల రేటింగ్ చూసి నార్మ్, అంటే టైటిల్‌కి కావలసిన స్కోరు, లెక్కగట్టే పద్ధతి అప్పట్లో లేదు. అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే, ఆటగాడి బలాన్ని అంకెల్లో చెప్పే ఎలో రేటింగ్‌ని తీసుకున్నదే 1970లో. అంతకుముందు టైటిల్ రావాలంటే టైటిల్ ఉన్న ఆటగాళ్లు తగినంత మంది ఆడే టోర్నమెంట్‌లో చోటు దొరకాలి, అక్కడ తగినన్ని పాయింట్లు తెచ్చుకోవాలి. 1950లో ఫిడే మొదటిసారి టైటిళ్లు ప్రకటించినప్పుడు గ్రాండ్‌మాస్టర్లు ప్రపంచం మొత్తంలో 27 మందే. యానోఫ్‌స్కీకి దాని కింది మెట్టు, ఇంటర్నేషనల్ మాస్టర్ ఇచ్చారు. ఆ 27 మందిలో ఎక్కువమంది ఆడేది యూరప్‌లో. మాస్కోలోనో బుడాపెస్ట్‌లోనో ఉన్నవాడికి అలాంటి పోటీ ఇంటి గుమ్మంలో ఉన్నట్టే. విన్నిపెగ్‌లో ఉన్నవాడు ఖండం సగం దాటి, ఆపైన అట్లాంటిక్ దాటాలి. ప్రతిసారీ నెలకు తక్కువ కాని సెలవు కావాలి. గ్రోనింగెన్ ఒక్కటే ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా సాగింది.

అతను పుట్టింది 1925లో, అప్పటి పోలండ్‌లోని బ్రోడీలో. నెలల పసివాడిగా ఉండగానే కుటుంబం కెనడా చేరింది. 12 ఏళ్లకే మానిటోబా రాష్ట్ర చాంపియన్. 14 ఏళ్లకు 1939 బ్యూనస్ ఏరిస్ ఒలింపియాడ్‌లో, అంటే దేశాల జట్ల చెస్ పోటీలో, కెనడా జట్టుకి రెండో బోర్డు. ఆ పోటీ మధ్యలోనే యూరప్‌లో యుద్ధం మొదలైంది, కొన్ని మ్యాచ్‌లు జరగనే లేదు. కెనడా ఆడింది ఫైనల్ బి గ్రూపులో. ఐస్‌లాండ్‌తో పాయింట్లు సమానమైనా రెండో స్థానంతో సరిపెట్టుకుంది. రెండో బోర్డు ఆడినవాళ్లందరిలో ఎక్కువ శాతం పాయింట్లు ఈ పిల్లాడివే. పెరూ ఆటగాడు డులాంటోపై గెలిచిన ఆట చూసి అప్పటి ప్రపంచ చాంపియన్ అలెఖిన్ మెచ్చుకున్నాడు.

కెనడా చాంపియన్‌షిప్ ఎనిమిదిసార్లు గెలిచాడు: 1941, 1943, 1945, 1947, 1953, 1959, 1963, 1965. వీటిలో 1945ది, 1953ది ఉమ్మడి టైటిళ్లు. మరో కెనడా ఆటగాడు మారిస్ ఫాక్స్‌కీ ఎనిమిదే. ఈ పోటీలు జరిగిన ఊళ్లు చూడండి: తూర్పున న్యూ బ్రన్స్‌విక్‌లోని డల్హౌసీ, పడమర కొసన వాంకూవర్. దేశంలో ఒక కొస నుంచి ఇంకో కొసకు వెళ్లి గెలిచిన టైటిళ్లు ఇవి. మొదటిదానికీ చివరిదానికీ మధ్య 24 ఏళ్లు. ఆ వ్యవధిలో ఓపెనింగ్, అంటే ఆట మొదటి ఎత్తుల సిద్ధాంతం పూర్తిగా మారిపోయింది. అయినా అతని ఆట పాతబడలేదు, ఎందుకంటే దాని బలం ఓపెనింగ్‌లో లేదు.

ఇక రెండో కారణం, ఉద్యోగం. యుద్ధకాలంలో కెనడా నౌకాదళంలో పనిచేశాడు. ఆ తర్వాత న్యాయశాస్త్రం, పైచదువుకి ఆక్స్‌ఫర్డ్. అక్కడ ఉండగానే 1953లో బ్రిటిష్ చాంపియన్‌షిప్ గెలిచాడు. అదే ఏడు కెనడా చాంపియన్‌షిప్ కూడా. రెండు దేశాల టైటిళ్లు ఒకే సంవత్సరంలో! ఆ జోరులో యూరప్‌లోనే ఉండిపోయి ఉంటే టైటిల్ చాలా ముందే వచ్చేదని నా గట్టి నమ్మకం. అతను విన్నిపెగ్ తిరిగి వచ్చి లాయరుగా స్థిరపడ్డాడు.

రోజంతా కోర్టు కాగితాలు చూసేవాడికి ప్రతి నెలా కొత్త ఓపెనింగ్ ఎత్తులు చదివే తీరిక ఉండదు. పదేళ్లకు ఒకసారి చూసినా మారనిది ఎండ్‌గేమ్, అంటే బోర్డు మీద కొద్ది పావులే మిగిలిన చివరి దశ. యానోఫ్‌స్కీ పేరు అక్కడే నిలిచింది, 1957లో ఎండ్‌గేమ్‌ల మీద పుస్తకం కూడా రాశాడు. అతని ఆటల్లో పదేపదే కనిపించే పద్ధతి: మంత్రులను మార్చేసుకోవడం, చిన్న ఆధిక్యాన్ని పట్టుకుని ఏనుగుల ఎండ్‌గేమ్‌లోకి దిగడం, తొందరపడకపోవడం. ఇలా ఆడాలంటే కొన్ని స్థితులు కళ్లు మూసుకున్నా చేతికి రావాలి. వాటిలో మొట్టమొదటిది లుసేనా స్థితి, ఏనుగు, బంటుతో గెలిచే పద్ధతి. బోర్డు దగ్గర పెట్టుకుని చూడండి; గడి పేరులో అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస.

తెల్ల రాజు జి8లో, తెల్ల బంటు జి7లో, తెల్ల ఏనుగు ఎఫ్1లో. నల్ల రాజు ఈ7లో, నల్ల ఏనుగు హెచ్2లో. ఎత్తు తెల్లవాళ్లది. బంటు ఒక్క అడుగు వేస్తే మంత్రి అవుతుంది, కానీ ముందున్న గడిలో సొంత రాజే అడ్డం. అతను కదలలేడు: ఒక పక్క నల్ల రాజు కాపలా, ఇంకో పక్క హెచ్ వరుస నల్ల ఏనుగుది.

ఇక్కడ అందరూ చేసే తప్పు వెంటనే ఏనుగుతో ఈ1 నుంచి చెక్ చెప్పడం. నల్ల రాజు డి7కి తప్పుకుంటాడు, మన రాజు ఎఫ్7కి బయటపడతాడు, అక్కడి నుంచి నల్ల ఏనుగు కింది నుంచి చెక్‌ల మీద చెక్‌లు మొదలుపెడుతుంది. దాక్కునే చోటు లేక మన రాజు తిరిగి మొదటికే రావాలి. ఓటమి రాదు గానీ గెలుపూ రాదు.

సరైన ఎత్తు ముందుగా ఏనుగుని ఎఫ్4కి తేవడం. పనికిమాలిన ఎత్తులా కనిపిస్తుంది, ఆట మొత్తం ఇందులోనే ఉంది. నల్ల ఏనుగు హెచ్1కి వెళ్లిందనుకుందాం. ఇప్పుడు మన ఏనుగుతో ఈ4 నుంచి చెక్. నల్ల రాజు ఎఫ్6కి వస్తే మన రాజు ఎఫ్8కి వెళ్తే చాలు, బంటు ఆగదు. అందుకని డి7కి పోతాడు. మన రాజు ఎఫ్7, నల్ల ఏనుగు ఎఫ్1 నుంచి చెక్. రాజు జి6, జి1 నుంచి చెక్. రాజు ఎఫ్6, ఎఫ్1 నుంచి చెక్. రాజు జి5, మళ్లీ జి1 నుంచి చెక్. ఇప్పుడు మన ఏనుగుని జి4కి జరిపి అడ్డం పెట్టాలి. చెక్‌లు అయిపోయాయి, బంటు మంత్రి అవుతుంది. రాజు ఎఫ్6లో ఉండగా నల్లవాళ్లు చెక్ మాని జి వరుసలోనే కాచుకుంటే ఏనుగుని ఈ5కి ఎక్కించి, అక్కడి నుంచి జి5లో అడ్డం పెట్టాలి. ఏనుగు నాలుగో వరుసలోనే ఎందుకుండాలంటే, రాజు బంటుకి దూరం కాకుండా దిగగలిగేది జి5 దాకానే. అడ్డం సరిగ్గా అతని కాళ్ల కింద పడాలి. బంటు అంచు వరుసలో, అంటే ఏ లేదా హెచ్‌లో ఉంటే ఈ ఉపాయం పారదు.

1964లో టెల్ అవీవ్ ఒలింపియాడ్ ప్రదర్శనతో గ్రాండ్‌మాస్టర్ టైటిల్ ఖాయమైంది. బ్రిటిష్ కామన్వెల్త్‌లో పెరిగినవాళ్లలో అతనే మొదటివాడు. చెస్ క్లబ్బులకు పేరుపడ్డ ఇంగ్లండ్‌కి టోనీ మైల్స్ రూపంలో అక్కడే పుట్టి పెరిగిన మొదటి గ్రాండ్‌మాస్టర్ దొరకడానికి ఇంకో 12 ఏళ్లు పట్టింది.

టైటిల్ వచ్చాక అతను చేసిన పని నాకు మరీ ఇష్టం. తను సముద్రాలు దాటి వెతుక్కున్న పోటీని తన ఊరికే తెచ్చాడు. 1967లో కెనడా నూరేళ్ల పండగ సందర్భంగా విన్నిపెగ్‌లో గ్రాండ్‌మాస్టర్ టోర్నమెంట్ నిర్వహించాడు. పదిమంది ఆటగాళ్లు. లార్సెన్, డార్గా మొదటి స్థానం పంచుకున్నారు, కెరెస్, స్పాస్కీ వాళ్ల వెనక నిలిచారు. నిర్వాహకుడే ఆటగాడిగా కూడా కూర్చున్నాడు. రౌండ్ల మధ్య ఏర్పాట్లు చూసుకుంటూ ఆ స్థాయివాళ్లతో ఆడటం ఎంత కష్టమో టోర్నమెంట్ నడిపినవాళ్లకు తెలుస్తుంది.

ఇటు వృత్తిలో కెనడా సుప్రీంకోర్టు దాకా వెళ్లి వాదించాడు. వెస్ట్ కిల్డోనన్‌కి మేయర్‌గా, ఆ పట్టణం విన్నిపెగ్‌లో కలిశాక నగర కౌన్సిలర్‌గా పనిచేశాడు. 1972లో ఆర్డర్ ఆఫ్ కెనడా వచ్చింది. 2000 మార్చిలో విన్నిపెగ్‌లోనే కన్నుమూశాడు.

అతని ఆటలు చూడాలనుకునేవాళ్లు బోట్విన్నిక్‌పై గెలుపుతో మొదలుపెట్టండి. తర్వాత 40 ఎత్తులు దాటిన ఆటలను విడిగా తీసి, మంత్రులు మారిపోయిన చోట ఆపండి. ఎవరు మెరుగో కాగితం మీద రాసుకుని, తెల్లవాళ్ల తరఫున ఐదు ఎత్తులు సొంతంగా ఆలోచించాకే ముందుకి జరపండి. ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ఇంజిన్ అప్పటిదాకా ఆపే ఉంచండి.